దాచే పెట్టె నుంచి చూపే బీరువా దాకా: సూర్యాపేట సీమలో చెక్కసామాను చరిత్ర

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సీమలో కలిగినవాళ్ల పాత ఇళ్లలో చెక్కసామాను సొమ్మును దాచడానికి పుట్టింది, చూపడానికి కాదు. మందపాటి మట్టిగోడలోకి తొలిచిన గూడు, దానికి టేకు తలుపులు, గొళ్లెం, తాళం. నడింట్లో మనిషి కాళ్లు చాపుకొని పడుకోగలిగినంత భోషాణం. దాని మూత మీద పరుపు పరుచుకొని ఇంటి పెద్ద నిద్రపోయేవాడు, ఆయన లేవనిదే పెట్టె తెరుచుకోదు. బట్టలకు సందుగ, వడ్లకు గుమ్మి, జొన్నలకు పాతర, జాడీలకు అటక, పాలూ పెరుగుకు ఉట్టి. లోపల ఏముందో, ఎంతుందో వీటిలో ఏదీ బయటి మనిషికి చెప్పదు. వెండి చెంబులు, పట్టుచీరలు పెళ్లికో పండుగకో వెలుగు చూసి మళ్లీ చీకట్లోకి వెళ్లేవి.

అద్దాల తలుపుల బీరువా ఈ పద్ధతికి ఎదురు నడక. తాళం దానికీ ఉంటుంది గాని, లోపలి వస్తువు పగలల్లా వచ్చేపోయే వాళ్ల కళ్ల ముందే ఉంటుంది. ముట్టుకోవడానికి లేదు, చూడడానికి అడ్డు లేదు. ఇటువంటి బీరువా ఇంగ్లండులో మహాగని కలపతో రూపు దిద్దుకొంది. ఓడరేవుల మీదుగా, నవాబుల దేవిడీల మీదుగా తెలుగు నేల లోపలికి వచ్చేసరికి ఆకారం మిగిలి కలప మారిపోయింది. దానితోపాటు ఇంగ్లండు భోజనశాలలో నిలిచిన మరో మహాగని సామాను, వైన్ సీసాలను చల్లబరిచే పెట్టె, ఈ సీమ దాకా రావలసిన అవసరమే పడలేదు. చల్లదనానికి ఇక్కడ అంతకన్నా పాత, తేలికైన ఉపాయాలున్నాయి.

మహాగని పుట్టిల్లు వెస్టిండీస్ దీవులు, మధ్య అమెరికా అడవులు. క్యూబా, జమైకా దీవుల చిన్నాకు జాతి బరువైనది, చేవ గలది. హోండురాస్ వైపు పెరిగే పెద్దాకు జాతి కాస్త తేలిక. 1721లో బ్రిటిష్ పార్లమెంటు తన అమెరికా వలసల నుంచి వచ్చే కలప మీద దిగుమతి సుంకాన్ని ఎత్తివేయడంతో ఈ చెక్క లండన్ పనిశాలలకు విరివిగా చేరసాగింది. అడవుల్లో ఆ మానులను నరికినవాళ్లు, నదుల దాకా ఈడ్చినవాళ్లు ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. పాత మహాగని సామాను అందం గురించి రాసేటప్పుడు చాలామంది ఈ మాట వదిలేస్తారు. వదలకూడని మాట అది. ఇంగ్లండు పనివాళ్లకు మహాగనిలో నచ్చిన గుణాలు చాలా ఉన్నాయి. ఒకే మానులో వెడల్పాటి పలకలు దొరుకుతాయి, ఆరాక వంకర పోదు, పురుగు తొందరగా పట్టదు, సన్నని నగిషీకి విరగకుండా లొంగుతుంది, లక్క పాలిష్ పట్టిస్తే ఎర్రటి నిగారింపు వస్తుంది.

అప్పటికి చైనా నుంచి వచ్చే పింగాణీ కప్పులు, పళ్లేలు అక్కడి సంపన్నుల ఇళ్లలో గొప్పకు గుర్తు. వాటిని దుమ్ము పడకుండా నిలబెట్టి అతిథికి చూపించాలి. పుస్తకాలకూ అదే అవసరం. థామస్ చిప్పెండేల్ 1754లో అచ్చువేసిన నమూనాల పుస్తకంలో, జార్జ్ హెపుల్‌వైట్ మరణానంతరం 1788లో ఆయన భార్య వెలువరించిన పుస్తకంలో అద్దాల బీరువాల నమూనాలున్నాయి. ఆనాటి బీరువా తలుపులో ఒకే పెద్ద అద్దం కనిపించదు. సన్నని చెక్క పట్టీలు అల్లి, మధ్య ఖాళీల్లో చిన్న చిన్న అద్దపు ముక్కలు బిగించేవారు. పెద్ద అద్దం చేయడం కష్టం, ఖరీదు ఎక్కువ. పైగా బ్రిటన్‌లో 1745 నుంచి గాజు మీద పన్ను ఉండేది. 1845లో దాన్ని రద్దు చేశాక, పెద్ద పలకలు చౌకగా దొరకడం మొదలయ్యాక తలుపుకు ఒకటే అద్దం మామూలైంది. పట్టీల అల్లిక అప్పటి నుంచి అలంకారంగా మిగిలింది. ఒక బీరువా ఏ కాలానిదో అంచనా కట్టడానికి నిపుణులు ముందు చూసే గుర్తుల్లో ఇదొకటి.

వైన్ చల్లబరిచే పెట్టె సంగతి వేరు. గుండ్రంగానో, కోలగానో, ఎనిమిది పలకలుగానో చేసిన మహాగని తొట్టి అది. చుట్టూ ఇత్తడి పట్టాలు, లోపల సీసపు రేకు, అడుగున కరిగిన మంచునీరు వదిలే చిన్న కుళాయి. భోజనాల బల్ల పక్కన నిలిపి మంచుముక్కల మధ్య సీసాలు పడుకోబెట్టేవారు. మూతా తాళమూ ఉండి, లోపల సీసాకొక అర చొప్పున విడదీసిన రకం కూడా ఉండేది. సేవకులు సీసాలు తీయకుండా యజమాని తాళంచెవి తన దగ్గరే ఉంచుకునేవాడు. 19వ శతాబ్దం మొదట్లో ఇవి రోమన్ శవపేటికల ఆకారంలోకి మారాయి. శతాబ్దం సగం గడిచేసరికి వాడుక తగ్గిపోయింది.

ఈ సామాను ఇంగ్లండులో ఉన్నట్టే ఇక్కడ నిలవలేదు. చాలా ఇంగ్లిషు బీరువాలకు లోపలి చట్రం చౌకరకం పైన్ చెక్క. దాని పైన పలుచని మహాగని పొరను, జంతువుల తోలూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురుతో అతికించేవారు. ఆ జిగురు వానాకాలపు తేమకు మెత్తబడుతుంది, ఎండాకాలం పెళుసెక్కి పట్టు వదులుతుంది, పై పొర లేస్తుంది. పైన్ చెక్క చెదలకు ఇష్టమైన తిండి. నల్లగొండ వైపు మే నెల ఎండ, ఆ వెంటనే వచ్చే తొలకరి తేమ ఒకదాని తర్వాత ఒకటి తగిలితే అటువంటి బీరువా పట్టుమని పదేళ్లు నిలవడం కష్టం. అందుకే భారతదేశంలో స్థిరపడిన ఇంగ్లిషువాళ్లే నమూనా పుస్తకాలు ఇక్కడి వడ్రంగుల ముందు పెట్టి, టేకుతోనో జిట్టేగు (రోజ్‌వుడ్)తోనో నిండు చెక్కలో సామాను చేయించుకోసాగారు. మహాగని మొక్కను 1795లోనే కలకత్తా వృక్షశాస్త్ర తోటకు తెచ్చినా, ఆ చెక్క తెలుగు వడ్రంగి చేతికి మామూలు సరుకుగా ఎన్నడూ అందలేదు. ఈనాడు ఇళ్లలో మహాగని అని చెప్పుకునే పాత బీరువాల్లో ఎక్కువ భాగం టేకువో జిట్టేగువో. వాటి ఎరుపు పాలిష్‌లో కలిపిన రంగుది.

తెలుగు నేల మీద పాశ్చాత్య నమూనా బీరువా మొదట తయారైంది తీరంలో. డచ్చివారు 1605 ప్రాంతంలో, ఇంగ్లిషువారు 1611లో మచిలీపట్నం చేరారు. గోల్కొండ నుంచి మచిలీపట్నం వెళ్లే బాట నేటి నల్లగొండ, సూర్యాపేట జిల్లాల మీదుగా సాగేది. వజ్రాలు, కలంకారీ బట్టలు తీరానికి దిగేవి, విదేశీ సరుకు పైకి ఎక్కేది. ఆ బాట ఈ సీమను బయటి ప్రపంచంతో కలిపింది. హైదరాబాదు, విజయవాడ జాతీయ రహదారి సూర్యాపేట, మునగాల, కోదాడలను కలుపుతూ పోవడం దానికి కొనసాగింపే.

అయితే చెక్కపనిలో పేరు తెచ్చుకున్నది మచిలీపట్నం కన్నా విశాఖపట్నం. 18వ శతాబ్దంలో అక్కడి కంసాలి పనివాళ్లు జిట్టేగు, నల్లచేవ, పడౌక్ చెక్కల మీద ఏనుగుదంతపు ముక్కలు పొదిగి, దంతం మీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి పువ్వులు, లతలు తీర్చారు. ఆ లతలు తీరంలో నేసి అద్దిన బట్టల అంచులను పోలి ఉంటాయి. సామాను ఆకారం మాత్రం అచ్చంగా ఇంగ్లిషుదే: రాతబల్ల మీద నిలిపిన అరల బీరువా, సొరుగుల పెట్టె, కుర్చీ. 1756లో విశాఖపట్నం చూసిన బ్రిటిష్ సైనికాధికారి జాన్ కోర్నీల్ ఈ పొదుగు పనిని మెచ్చుకుంటూ రాశాడు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ సామాను వేలానికి వచ్చినప్పుడు, 1781లో మూడవ జార్జి రాజు అందులోని దంతపు కుర్చీలను తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. విశాఖ బీరువాలు నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. తెలుగు చేతులు చేసిన అత్యుత్తమ చెక్కసామాను తెలుగు ఇళ్లలో కాక పరదేశంలో మిగలడం విచారకరమే. తయారీయే ఎగుమతి కోసం సాగింది కాబట్టి లోపలి సీమల వడ్రంగులకు ఆ పనితనం అబ్బే దారి దొరకలేదు.

సూర్యాపేట సీమకు అద్దాల బీరువా పెట్టుకునే అలవాటు తూర్పు తీరం నుంచి కాక, పడమట హైదరాబాదు నుంచి వచ్చింది. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ కాలంలో రాజ్యపాలన కొత్త పద్ధతుల్లోకి మళ్లింది. 1874లో సికింద్రాబాదుకు వాడి మీదుగా రైలు వచ్చాక బొంబాయి రేవులో దిగిన బరువైన సామాను ఎద్దుబండ్ల అవసరం లేకుండా రాజధాని చేరగలిగింది. నవాబుల దేవిడీల్లో విలాయతీ షాండ్లియర్లు, నిలువుటద్దాలు, అద్దాల బీరువాలు హోదాకు గుర్తులయ్యాయి. 1884లో పునాది పడిన వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా భవనంలో ఒకేసారి 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఆ అభిరుచి ఎంత దూరం వెళ్లిందో చెబుతుంది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితకాలం పోగుచేసిన యూరపు సామాను, పింగాణీ, గడియారాలు ఆయన 1949లో మరణించాక 1951 డిసెంబరు 16న ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే మ్యూజియంగా తెరుచుకున్నాయి. 1968లో మ్యూజియం ఇప్పటి భవనానికి మారింది. మహాగనినీ, తక్కిన యూరపు చెక్కపనినీ కళ్లారా చూడాలనుకునే సూర్యాపేట వాసికి నేటికీ దగ్గరి చోటు అదే.

రాజధానిలో మకాం పెట్టి ఈ వైభవం చూసి వెళ్లిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు సొంత ఊళ్లలో గడీలు కట్టుకున్నారు. శిస్తు వసూలు చేసే కాంట్రాక్టుదారులుగా ఉన్న ఈ కుటుంబాలు సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత వతన్లు, రుసుములు అందుకొంటూ, సర్వే సెటిల్‌మెంట్లలో వేల ఎకరాలు తమ పేర రాయించుకొని పెద్ద భూస్వాములయ్యారు. సూర్యాపేట తాలూకాలో ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాల భూమి ఉండేదని తెలంగాణ పోరాట చరిత్రలు చెబుతాయి. అటువంటి గడీల ముందు హాలులో కచేరీ నడిచేది. రైతు చేతులు కట్టుకు నిలబడేదీ, తహసీల్దారు వచ్చి కూర్చునేదీ అక్కడే. అద్దాల బీరువా నిలవడానికి తగిన చోటు కూడా అదే. ఆడవాళ్లుండే లోపలి లోగిలిలో భోషాణం, సందుగ, తిజోరీ అలాగే ఉన్నాయి. ఒకే ఇంట్లో ముందు భాగం చూపించడానికి, వెనుక భాగం దాచడానికి అన్నట్టు రెండు పద్ధతులు పక్కపక్కనే సాగాయి.

ఈ బీరువాలను చేసింది ఎక్కువగా ఊరి వడ్లవాళ్లు (వడ్రంగులు). నల్లగొండ జిల్లా అడవులు తక్కువగా ఉన్న జిల్లా. నాగళ్లకు, బండ్లకు తుమ్మ, ద్వారబంధాలకు వేప, దూలాలకు తాటి మొద్దులు ఊళ్లోనే దొరికినా, బీరువాకు తగిన టేకు గోదావరి వైపు అడవుల నుంచి బండ్ల మీద రావాలి. 1889లో కాజీపేట, బెజవాడ రైలు మార్గం పూర్తయింది గాని అది ఖమ్మం, మధిర మీదుగా పోయింది. సూర్యాపేటకూ కోదాడకూ రైలు రాలేదు. మిర్యాలగూడకు ఆ భాగ్యం 1980ల చివర్లో బీబీనగర్, నడికుడి మార్గంతో కలిగింది. విలాయతీ బీరువా అద్దం పగలకుండా, పొర లేవకుండా ఈ ఊళ్లకు చేరాలంటే చివరి మజిలీ గతుకుల బాట మీద ఎద్దుబండిలోనే. అందువల్ల నమూనా ఒకటి రాజధానిలో చూసి వచ్చి, ఊళ్లోనే చేయించుకోవడం తెలివైన పని.

వడ్లాయన పనిముట్లు బాడిశ, ఉలి, రంపం, రంద, బర్మా. ఆయనకు ఇంగ్లిషు పుస్తకం తెలియదు. ద్వారబంధం చేసిన చేత్తోనే బీరువా చేశాడు. నిలువు చెక్కకు బెజ్జం, అడ్డచెక్కకు కుసి, కుసి బిగిసేలా చెక్క చీల. మేకుల వాడకం తక్కువ. ఎండాకాలం చెక్క కుంచించుకున్నా వానాకాలం ఉబ్బినా ఈ అతుకు సర్దుకుంటుంది. తలుపు పైభాగంలో కమాను, దాని మీద తామరమొగ్గ, అటూ ఇటూ చిలకలు, హంసలు. సింహద్వారం మీద ఉండే నగిషీయే బీరువా కిరీటం మీదికి ఎక్కింది. ఆకారం విలాయతీది, అతుకూ అలంకారమూ ఊరివి. ఇంగ్లిషు నమూనాతో పోల్చి దీన్ని మోటు పని అనడం తప్పు. ఎండకూ చెదలకూ తట్టుకొని నూరేళ్లు నిలిచింది మోటుగా కనిపించే ఆ నిండు టేకు అతుకే.

ఈ పనికి కూలి ఎలా ముట్టిందన్న ప్రశ్న బీరువా అందం ముందు మరుగున పడకూడదు. మామూలుగా వడ్ల, కమ్మరి కుటుంబాలకు రైతులు కల్లం దగ్గర ఏటా గింజలు కొలిచేవారు. దొరకు చేసిన పని మాత్రం చాలా ఊళ్లలో వెట్టి. వ్యవసాయ పనిముట్లు, బండ్లు, ఇంటి కలప పని, అన్నీ కూలి లేకుండానే చేయాలి. మాదిగలు చెప్పులు కుట్టివ్వాలి, కుమ్మరులు కుండలివ్వాలి, గౌడులు దొరింటి కోసం కొన్ని తాళ్లు విడిగా ఉంచి రోజూ కల్లు దించి పంపాలి. గడీ ముంగిట నిలిచిన బీరువా వెనుక ఈ చాకిరీ ఉంది. జమైకా అడవిలో బానిస చేత నరికించిన మహాగనికీ దీనికీ మధ్య సముద్రాలున్నా, కూలి లేని చాకిరీ రెండింటికీ సమానమే.

కల్లు ప్రస్తావన రావడంతో వైన్ పెట్టె ఇక్కడికి ఎందుకు రాలేదో కూడా తేలుతుంది. తాటికల్లు, ఈతకల్లు దించిన పూటే తాగాలి. నిల్వ ఉంచి, తాళం వేసి, మంచులో పెట్టే పానీయం కాదది. లొట్టి మట్టిది, దాని చెమటతోనే లోపలిది చల్లబడుతుంది. తాగునీటికీ అదే సూత్రం. తెలంగాణ ఇళ్లలో రంజన్ అనే మట్టికుండ కింద ఇసుక పోసి తడిపి ఉంచుతారు. మట్టిగోడ సూక్ష్మరంధ్రాల నుంచి ఊరిన నీరు గాలికి ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాగేస్తుంది. పొడిగాలి వీచే నల్లగొండ ఎండల్లో ఈ పద్ధతి తీరం కన్నా బాగా పనిచేస్తుంది. తీరంలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి కుండ అంతగా చెమర్చదు. సీసం రేకూ ఇత్తడి పట్టాలూ ఉన్న పెట్టె చేసే పని కుమ్మరి చేసిన కుండ మంచు లేకుండానే చాలావరకు చేసింది.

సంపన్నుల దగ్గర మరో విద్య ఉండేది. సురేకారం నీటిలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. ఆ నీటిలో లోహపు సీసాను తిప్పుతూ ఉంటే లోపలి నీరు చల్లబడుతుంది. అక్బరు కాలపు ఈ పద్ధతిని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో వివరించాడు. మొగలుల సంప్రదాయం అనుసరించిన దర్బారుల్లోనూ, తర్వాత కంపెనీ దొరల ఇళ్లలోనూ నీళ్లూ పానీయాలూ చల్లబరిచే ఆబ్‌దార్ అనే ఉద్యోగి ఉండేవాడు. నిజమైన మంచు దక్షిణాదికి అమెరికా నుంచి ఓడల మీద వచ్చింది. బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన మంచు 1833లో కలకత్తా చేరింది. 1842లో మద్రాసు సముద్రతీరాన ఆయన వ్యాపారం కోసం కట్టిన మంచు గిడ్డంగే తర్వాత వివేకానందుడు బస చేసిన భవనం. యంత్రాలతో మంచు తయారీ మొదలయ్యాక ఆ వ్యాపారం 1880 నాటికి ముగిసింది. రేవు నుంచి ఎన్నో మైళ్ల దూరంలో ఉన్న సూర్యాపేటకు ఆ మంచు చేరే వీలే లేదు.

ఈ సీమలో అద్దాల బీరువాకు గడీ కన్నా గౌరవమైన బతుకు ఒకటి దొరికింది. అది పుస్తకాల బీరువాగా. సూర్యాపేటకూ కోదాడకూ మధ్య ఉన్న మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, తాను మాత్రం బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాకు చెందింది. దాని జమీందారు రాజా నాయని వెంకటరంగారావు కోట కోదాడకు దగ్గర్లోని నడిగూడెంలో ఉంది. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వీళ్ల చొరవతో, రావిచెట్టు రంగారావు వంటి వారి తోడ్పాటుతో ఏర్పడ్డాయి. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని పూనుకున్న లక్ష్మణరావుకు పుస్తకాలే పనిముట్లు. నిజాం నిబంధనలు వర్తించని ఈ చిన్న పరగణా చుట్టుపక్కల తెలుగు చదువుకు చేసిన మేలు దాని విస్తీర్ణానికి ఎన్నో రెట్లు పెద్దది.

అక్కడి నుంచి గ్రంథాలయోద్యమం పట్టణాలకూ పల్లెలకూ పాకింది. 1928లో సూర్యాపేటలో గ్రంథాలయ మహాసభ జరిగింది. పఠనాలయం అంటే ఒక అద్దె గది, రెండు బల్లలు, పత్రికలు, తాళమున్న ఒక అద్దాల బీరువా. పుస్తకానికి చెదలు, ఎలుకలు, వాన జల్లు శత్రువులు. చెక్క తలుపు వాటిని ఆపగలదు గాని పాఠకుణ్ణి పిలవలేదు. అద్దం ఆ పని కూడా చేసింది. అక్షరం వచ్చిన కుర్రవాడు తలుపు అవతల నిలబడి అట్టల మీది పేర్లు చదువుకొని ఫలానాది కావాలని అడగగలిగాడు. దొర హాలులో అంతరాన్ని చాటిన అదే అద్దం ఇక్కడ అందరి ఆస్తిని అందరికీ చూపింది. 1929లో నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 పేరిట సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేశాక, నలుగురు కూడి మాట్లాడుకోవడానికి పఠనాలయం విలువ ఇంకా పెరిగింది. 1941లో కోదాడ దగ్గరి చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగే నాటికి ఈ సీమలో ఒక తరం చదువరులు తయారై ఉన్నారు.

1946లో మొదలైన తెలంగాణ సాయుధ పోరాటంలో సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు ముందువరుసన నిలిచాయి. పాత సూర్యాపేట, బాలెంల, మల్లారెడ్డిగూడెం పేర్లు ఆ చరిత్రలో చదువరులకు తెలిసినవే. వెట్టి ఆగిపోయింది, చాలామంది దొరలు గడీలు వదిలి పట్టణాలకు తరలారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత కొందరు తిరిగొచ్చినా పాత పెత్తనం తిరిగి రాలేదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది, 1973 భూసంస్కరణల చట్టంతో పెద్ద కమతాలకు పరిమితి వచ్చింది. గడీల నిర్వహణకు ఆదాయం లేక ఒక్కొక్కటిగా తాళాలు పడ్డాయి. కొన్ని బడులకూ ప్రభుత్వ కార్యాలయాలకూ ఇచ్చేశారు. కప్పు కురిసే గదుల్లో బీరువాలు చెడాయి, పంపకాల్లో చీలాయి, తలుపొకరికీ పెట్టె ఒకరికీ పోయాయి. ఎన్నో బీరువాలు పాతకలప వ్యాపారి బండెక్కాయి. ఆరి ఆరి గట్టిపడ్డ పాత టేకుకు కొత్త దానికన్నా ధర పలకడంతో బీరువాలను విప్పి కిటికీలకూ తలుపులకూ వాడుకున్నారు. ఏ గడీలో ఏ సామాను ఉండేదో పట్టిక రాసిపెట్టే ప్రయత్నం సకాలంలో జరగకపోవడం తీరని నష్టం.

ఇళ్లలోని దాచే అవసరాన్ని అప్పటికే ఇనుప బీరువా తీర్చసాగింది. గోద్రెజ్ సంస్థ 1923లో ఉక్కు బీరువాల తయారీ మొదలుపెట్టింది. స్వాతంత్ర్యం తర్వాత పెళ్లిలో అమ్మాయికి బీరువా పెట్టడం మధ్యతరగతి ఆచారమైంది. పట్టణాల్లో స్థానికంగా రేకు వంచి బీరువాలు చేసే దుకాణాలు వెలిశాయి. చెదలు పట్టదు, తాళం గట్టిది, ఖర్చు తక్కువ. తలుపుకు బయట నిలువుటద్దం బిగించారు గాని, అది చూసేవాళ్ల ముఖం చూపేది, లోపలి వస్తువును కాదు. భోషాణానికి అసలైన వారసురాలు ఇదే.

చూపే బీరువా మళ్లీ నీళ్లతో వచ్చింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాల్వలకు నీరు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మెట్టభూములు వరిమళ్లయ్యాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణంగా పెరిగింది. మట్టి మిద్దెల చోట డాబాలు లేచాయి. కొత్త హాలు గోడలో సిమెంటు అరలు పోసి, ముందు జరిగే అద్దాలు బిగించిన షోకేసు ఈ ఇళ్లకు తప్పనిసరి అంగమైంది. వడ్లాయన పని మేస్త్రీ చేతికీ అద్దాల దుకాణానికీ మారింది. అందులో చైనా పింగాణీ లేదు. విజయవాడ రోడ్డు మీద కొన్న కొండపల్లి పొణికి బొమ్మలు, నిర్మల్ కొయ్యబొమ్మలు, పిల్లలు బడిలో గెలిచిన కప్పులు, గాజు గ్లాసుల సెట్టు, తిరుపతి నుంచి తెచ్చిన పటం, చనిపోయిన పెద్దల ఫొటో. ఇంటి కథ అంతా ఆ అరల్లో వరసగా ఉంటుంది. గడీ బీరువా హోదాను చూపితే, ఈ షోకేసు కుటుంబం కష్టపడి సంపాదించుకున్నదాన్ని, ప్రేమించినదాన్ని చూపింది. ప్లైవుడ్, లామినేట్లు, టీవీ యూనిట్లు వచ్చాక 2000 తర్వాత దాని చోటూ కుదించుకుపోయింది.

మిగిలిన పాత బీరువాలకు నేడు హైదరాబాదు జుమ్మెరాత్ బజారు వంటి పాతసామాను సంతల్లోనూ, తమిళనాడు కారైకుడి వ్యాపారుల దగ్గరా గిరాకీ ఉంది. అసలూ నకలూ పోల్చుకోవడానికి కొన్ని గట్టి గుర్తులున్నాయి. టేకుకు నూనె జిడ్డు, తోలు వంటి వాసన ఉంటాయి. జిట్టేగు ఊదా ఛాయలో నల్లచారలతో, ఎత్తితే చేయి లాగేంత బరువుగా ఉంటుంది. ఘనమీటరు టేకు సుమారు 650 కిలోలు తూగితే జిట్టేగు 850 దాకా తూగుతుంది. పెద్దాకు మహాగని రెండింటికన్నా తేలిక. సొరుగు బయటికి లాగి మూలలు చూడాలి. చేత్తో కోసిన పళ్లు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటాయి, యంత్రం కోసినవి ఒకే కొలతలో ఉంటాయి. పాత అద్దంలో నిలువు గీతను చూస్తే అది కొద్దిగా వంకరగా కనిపిస్తుంది. పాలిష్ తాకని వెనుక చెక్క, అడుగు చెక్క అసలు కలప ఏదో చెబుతాయి. పాత బీరువా మీద గరుకు కాగితం రుద్ది కొత్త మెరుపు తెప్పించడం మంచిది కాదు. వందేళ్ల చేతివాడకం వల్ల ఏర్పడ్డ ఆ ఛాయ ఒకసారి పోతే తిరిగి రాదు.

నూరేళ్లు దాటిన కళాత్మక సామాను 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం కిందికి వస్తుంది. 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. దేశం లోపల అమ్మకానికీ కొనుగోలుకూ దారి ఉంది. దంతపు పని మీద వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధాలు విడిగా వర్తిస్తాయి. జిట్టేగు చేరిన డాల్‌బర్జియా ప్రజాతి మొత్తం 2017 జనవరి నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉంది. అమెరికా అడవుల పెద్దాకు మహాగనికి అటువంటి నియంత్రణే 2003లో వచ్చింది. రెండున్నర శతాబ్దాల నరుకుడుతో క్యూబా, జమైకా మేలురకం మానులు దాదాపు కరువయ్యాయి.

ఇప్పుడు తెలుగు రాష్ట్రాల రైతులు మహాగనిని పొలాల గట్ల మీదా, తోటలుగానూ నాటుతున్నారు. నర్సరీల్లో ఎక్కువగా అమ్మేది పెద్దాకు జాతి. నీరూ ఎరువూ అందిన నేలలో అది త్వరగా ఎదుగుతుంది. త్వరగా ఎదిగిన మానులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. 18వ శతాబ్దపు బీరువాలకు వాడిన అడవి మానులు నిదానంగా, చాలా ఏళ్లు పెరిగినవి. నర్సరీలవాళ్లు చెప్పే లాభాల లెక్కలు విని నాటే రైతు ఈ తేడాను గమనించాలి. కలప ధర వయసును, చుట్టుకొలతను, చేవను బట్టి పలుకుతుంది. చెట్టు పేరు ఒక్కటే ధర తెచ్చిపెట్టదు.